నూటయాభై ఏళ్ళ డీబగ్గింగ్

గడ్డి కషాయంతో మొదలుపెడతాను. ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, ఆ టీ రంగు నీళ్ళని కాసేపు మరగబెట్టి, మూతి బిగించి పక్కన పెట్టడం. 1870లలో యూరప్‌లో పేరున్న శాస్త్రజ్ఞులు చాలామంది చేస్తూ వచ్చిన పని ఇది. మరగబెట్టిన నీళ్ళలో ప్రాణి అన్నది మిగలకూడదు. కానీ రెండు మూడు రోజులు తిరిగేసరికి ఆ నీళ్ళు మసకబారేవి, పైన తెట్టు కట్టేది. ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే కర్రముక్కల్లాంటి బాక్టీరియా కనిపించేవి. ఇవి ఎక్కడినుంచి వచ్చినట్టు? ఎక్కడినుంచో రాలేదు, అక్కడే పుట్టాయన్నాడు లండన్‌లో హెన్రీ చార్ల్టన్ బాస్టియన్ అనే డాక్టరు. జీవం లేనిదానినుంచి జీవం పుట్టదని 1860లలోనే తేల్చేసిన పాశ్చర్‌కి ఇది మింగుడుపడలేదు.

ఈ తగాదాలో నాకు బాగా నచ్చే మనిషి జాన్ టిండల్. ఆయన జీవశాస్త్రజ్ఞుడు కూడా కాదు, ఫిజిక్సు ప్రొఫెసరు. 1876లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోని తన ల్యాబ్‌లోకి ఎండుగడ్డి తెచ్చి పెట్టుకున్నాడు. అంతే, అంతకుముందు చక్కగా పనిచేసిన ప్రయోగాలన్నీ ఒక్కొక్కటే చెడిపోవడం మొదలుపెట్టాయి. ఎంత మరగబెట్టినా కషాయం మసకబారుతూనే ఉంది. చివరికి ఆ గదులు వదిలేసి, ఊరవతల క్యూ తోటల్లో ఉన్న ల్యాబ్‌కి మకాం మార్చాల్సి వచ్చింది. అక్కడ మళ్ళీ ప్రయోగాలు సరిగ్గా వచ్చాయి. అంటే తప్పు సిద్ధాంతంలో లేదు, గదిలో ఉంది. ప్రొడక్షన్ సర్వర్ మీద మాత్రమే కనబడే బగ్గుని వెతికిన వాళ్ళకి ఈ పద్ధతి పరిచయమే.

1877లో ఆయన కనిపెట్టిన చిట్కా ఇది. ఒకేసారి గంటలకొద్దీ మరగబెట్టడం కాదు. కాస్సేపు వేడి చెయ్యి, వదిలెయ్యి. కొన్ని గంటలాగి మళ్ళీ కాస్సేపు వేడి చెయ్యి. ఇలా నాలుగైదు సార్లు. గంటలసేపు ఉడికినా చావనిది ఈ చిన్న చిన్న వేడికి చచ్చిపోయింది! ఎందుకంటే ఆ గడ్డిలో ఉన్నది గట్టి గింజ లాంటి రూపం. వెచ్చటి నీళ్ళలో కాస్త తీరిక దొరికితే అది పెంకు విప్పుకుని మామూలు బాక్టీరియాగా మారుతుంది. అప్పుడు వేడి తగిలితే తట్టుకోలేదు. అది బయటకి వచ్చేదాకా ఆగి కొట్టడమే టిండల్ చేసిన పని.

ఆ గింజని కళ్ళతో చూసి, బొమ్మ గీసి, వివరించినవాడు బ్రెస్లావ్ నగరంలో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది, వ్రొత్స్వాఫ్ అంటారు) వృక్షశాస్త్రం చెప్పే ఫెర్డినాండ్ కోన్. గడ్డి కషాయంలోని బాక్టీరియాకి బాసిల్లస్ సబ్టిలిస్ అని 1872లో పేరు పెట్టినవాడూ ఆయనే. 1876లో ఆయన ఆ పొడుగాటి కణాల లోపల మెరిసే చుక్కల్ని గమనించాడు. చుక్క చుట్టూ ఉన్న కణం క్రమంగా కరిగిపోయేది, చుక్క మిగిలేది. ఆ చుక్కే స్పోర్. తెలుగు మీడియం పుస్తకాల్లో సిద్ధబీజం అంటారు. మంచి మాటే గానీ, ఇక్కడ స్పోర్ అనే వాడతాను.

అదే ఏడాది ఏప్రిల్ 30న, ఎవరికీ తెలియని ఒక తాలూకా స్థాయి డాక్టరు కోన్‌ని వెతుక్కుంటూ బ్రెస్లావ్ వచ్చాడు. పేరు రాబర్ట్ కోఖ్. గొర్రెల్ని, ఆవుల్ని చంపే ఆంత్రాక్స్ మీద ఇంట్లోనే పనిచేసుకుని, దాని బాక్టీరియా కూడా ఇలాగే స్పోర్లు కడుతుందని పట్టుకున్నాడు. ఆంత్రాక్స్ అంటే మన పల్లెల్లో దొమ్మ రోగం. పశువు చచ్చి ఏళ్ళు గడిచిన మైదానంలో కొత్త మంద మేస్తే మళ్ళీ రోగం ఎందుకొస్తుందో రైతులకి అంతుపట్టేది కాదు. రోగం మట్టిలో స్పోర్ రూపంలో కాచుకుని ఉందని కోఖ్ చెప్పాడు. దొమ్మతో చచ్చిన పశువుని కోయొద్దు, తోలు తియ్యొద్దు, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చమని మన పశువుల డాక్టర్లు చెప్పేది ఇందుకే. కళేబరాన్ని కోస్తే గాలి తగులుతుంది, గాలి తగిలితేనే ఆ బాక్టీరియా స్పోర్లు కడుతుంది. విశాఖ ఏజెన్సీ గ్రామాల్లో చచ్చిన మేకల మాంసం తిని జనం ఆంత్రాక్స్ బారినపడిన వార్తలు ఈ శతాబ్దంలో కూడా వచ్చాయి. స్కాట్లండ్ పక్కనున్న గ్రూయినార్డ్ అనే చిన్న ద్వీపం మీద 1942లో బ్రిటిష్ సైన్యం ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. ఆ నేలని 1986లో ఫార్మాల్డిహైడ్‌తో తడిపి, 1990లో గానీ మనుషులు తిరగొచ్చని చెప్పలేకపోయారు. ఒక్క ప్రయోగానికి 48 ఏళ్ళు.

స్పోర్ అంటే ఏమిటో అలా తెలిసింది. అది ఎలా తయారవుతుంది, ఎవరు చెప్తే తయారవుతుంది అన్న ప్రశ్న మాత్రం మరో డెబ్భై ఎనభై ఏళ్ళు కదలకుండా ఉండిపోయింది.

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పాలి. నేను ఇంటర్‌లో ఎంపీసీ. బైపీసీ వాళ్ళు కప్పల్ని కోస్తుంటే మేం ఇంటిగ్రేషన్ చేసుకునేవాళ్ళం, జీవశాస్త్రంతో నా బంధం అక్కడితో సరి. తర్వాత కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్., ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. డీఎన్‌ఏ అనేది జీవి నడిచే ప్రోగ్రాము అని ఎవరో అన్నప్పుడల్లా, మా వృత్తి మాట వాళ్ళ నోట వినబడినందుకు సంతోషమూ, కొంత అనుమానమూ కలిగేవి. ఆ పోలిక ఎంతవరకు నిలబడుతుందో చూడాలంటే స్పోర్ కథకి మించింది నాకు కనబడలేదు. ఆకలేస్తుంది, కణం ఏడెనిమిది గంటల్లో ఒక గట్టి గింజని కట్టి తాను చచ్చిపోతుంది. మొదలు, చివర, మధ్యలో వరస. ప్రోగ్రాము అన్న మాటకి ఇంతకన్నా సరిపోయేది ఇంకేముంటుంది?

1947లో యేల్ యూనివర్సిటీలో బర్క్‌హోల్డర్, జైల్స్ అనే ఇద్దరు బాసిల్లస్ సబ్టిలిస్ మీద ఎక్స్-రేలు, అల్ట్రావయొలెట్ కిరణాలు పెట్టి వందల కొద్దీ మ్యూటెంట్లు తయారుచేశారు. ఒక్కోదానికి ఒక నంబరు. వాటిలో చాలావరకు తర్వాత పోయాయి. ఛార్లెస్ యనోఫ్స్కీ దగ్గర కొన్ని మిగిలాయి. ఆయన దగ్గర్నుంచి తెప్పించుకున్న జాన్ స్పిజిజెన్ 1958లో ఒక విషయం ప్రకటించాడు. 168వ నంబరు కణాలు బయట నీళ్ళలో ఉన్న డీఎన్‌ఏని తమంతట తామే లోపలికి లాక్కుని తమ డీఎన్‌ఏలో కలుపుకుంటాయి. అంటే ఏ జీన్‌నైనా మార్చి చూడొచ్చు. ఆ ఒక్క కారణంతో 168 ప్రపంచమంతా పాకింది. 1997లో మొత్తం డీఎన్‌ఏ చదివింది కూడా దాన్నే: సుమారు 42 లక్షల అక్షరాలు, 4,100 జీన్లు. దానికి ట్రిప్టోఫాన్ తయారుచేసుకోవడం రాదు, యేల్‌లో తగిలిన ఎక్స్-రే దెబ్బ అది. ఈ రోజుకీ ల్యాబుల్లో దానికి ట్రిప్టోఫాన్ విడిగా పోసి పెంచుతారు. ఎప్పుడో ఎవరో చేసిన ఒక మార్పుని ఎవరూ ముట్టుకోకుండా తరాల తరబడి మోసుకురావడం మా రంగంలో కూడా మామూలే.

ఇక అసలు వేట. పారిస్‌లో పియెర్ షాఫర్ బృందం, ఆక్స్‌ఫర్డ్‌లో జోయెల్ మాండెల్‌స్టామ్ బృందం 1960లు, 70లలో చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. స్పోర్లు కట్టగలిగే బాక్టీరియా గుంపు పళ్ళెంలో గోధుమరంగుకి తిరుగుతుంది. కట్టలేనిది తెల్లగా, పల్చగా ఉండిపోతుంది. తెల్లవాటిని ఏరుకోవడం, ఒక్కొక్కటి ఎక్కడ ఆగిపోయిందో చూడడం. ఎక్కడ ఆగిందో చెప్పగలిగింది ఆంటొనెట్ రీటర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన బొమ్మల వల్ల. ఆమె, మిగతావాళ్ళు కలిసి స్పోర్ తయారీని దశలుగా విడగొట్టారు. రెండో దశలో కణం మధ్యలో కాకుండా ఒక చివరకి దగ్గరగా అడ్డుగోడ కడుతుంది. గోడకి ఇటు పెద్ద గది, అటు చిన్న గది. మూడో దశలో పెద్దది చిన్నదాన్ని చుట్టూ పాకి మింగేస్తుంది. మింగుతుంది గానీ అరిగించుకోదు. నాలుగు, ఐదు దశల్లో చుట్టూ పొరలు కట్టి, చివర్లో తాను పగిలిపోయి దాన్ని బయటకి వదులుతుంది. పెద్దదాన్ని శాస్త్రజ్ఞులే తల్లి కణం అన్నారు, కాబట్టి చిన్నదాన్ని నేను పిల్ల కణం అంటున్నాను.

మ్యూటెంట్ ఏ దశలో ఆగిపోతే ఆ దశ అంకె దాని పేరు. రెండులో ఆగితే స్పో-రెండు, మూడులో ఆగితే స్పో-మూడు. అసలు గోడ కూడా కట్టకుండా ఆగిపోయేవి స్పో-సున్నా. గమనించారా, జీన్ల పేర్లన్నీ అవి చేసే పనిని బట్టి పెట్టినవి కావు, అవి లేకపోతే పని ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి పెట్టినవి. ప్రోగ్రాము సోర్సు కోడు చేతిలో లేదు, రాసినవాడు లేడు, డాక్యుమెంటేషన్ లేదు. ఉన్న దారల్లా ఎక్కడో ఒకచోట విరగ్గొట్టి, ఎక్కడిదాకా నడిచి పడిపోయిందో రాసుకోవడం. 1974లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇంకో లెక్క కూడా వేశారు. కొత్తగా దొరికే తప్పులు పాత జీన్లలోనే మళ్ళీ మళ్ళీ పడుతున్నాయా, కొత్త జీన్లలో పడుతున్నాయా అన్నదాన్ని బట్టి, ఇంకా దొరకనివి ఎన్ని ఉండొచ్చో అంచనా కట్టారు. చెరువులో చేపల్ని లెక్కపెట్టే పద్ధతి అది. టెస్టింగులో మిగిలిన బగ్గుల్ని అంచనా వేసేవాళ్ళు కూడా వాడతారు.

దెబ్బతిన్న జీన్ల జాబితా తయారైంది. వరసని నడిపేది ఏమిటన్నది తేలాలి. 1969లో బాక్టీరియాలో సిగ్మా అనే ప్రొటీను దొరికింది. జీన్ని నకలు తీసే యంత్రం ఒకటుంటుంది, ఏ పేజీ దగ్గర మొదలుపెట్టాలో దానికి చెప్పేది సిగ్మా. అదే ఏడాది రిచర్డ్ లోసిక్, ఏబ్రహాం సోనెన్‌షైన్ అనే ఇద్దరు యువకులు, స్పోర్లు కట్టడం మొదలుపెట్టిన కణాల్లో ఈ నకలు యంత్రం తీరు మారిపోతోందని చూపించారు. పెరుగుతున్న కణాల యంత్రం ఒక వైరస్ డీఎన్‌ఏని బాగా నకలు తీసేది. స్పోర్ కడుతున్న కణాల యంత్రం దాన్ని పట్టించుకోవడం మానేసింది. అయితే స్పోర్ కోసం వేరే సిగ్మా ఉండాలి!

దానికోసం హార్వర్డ్‌లో లోసిక్ బృందం పదేళ్ళు వెతికింది. 1979-80లలో లోసిక్, విలియం హాల్డెన్‌వాంగ్ కలిసి మామూలు సిగ్మా కాని ఇంకో సిగ్మాని పట్టుకున్నారు. బాక్టీరియా సొంత డీఎన్‌ఏలో అలాంటిది దొరకడం అదే మొదటిసారి. తమాషా ఏమిటంటే, అది స్పోర్ సిగ్మా కాదు! వేడి, ఉప్పు, ఆల్కహాలు లాంటి కష్టాలు వచ్చినప్పుడు తట్టుకునే ఏర్పాటుకి సంబంధించిందని తర్వాత తేలింది, అది లేకపోయినా స్పోర్లు నిక్షేపంగా కడతాయి. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. కానీ ఆ దారిలోనే 1981లో నిజమైన స్పోర్ సిగ్మా కూడా దొరికింది, ఇప్పుడు సిగ్మా-ఈ అంటున్నది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి.

ఈ పదేళ్ళ పని నాకు ఈ చరిత్రలోకల్లా ఇష్టమైన భాగం. ఎందుకంటే ఇక్కడే ప్రోగ్రాము అన్న మాట బీటలు వారడం మొదలైంది.

సిగ్మాలు నాలుగని తేలింది. పిల్ల కణంలో ముందు ఎఫ్, తర్వాత జి. తల్లి కణంలో ముందు ఈ, తర్వాత కె. నాలాంటివాడు ఏమనుకుంటాడంటే, ఎఫ్ పూర్తయితే జి, ఈ పూర్తయితే కె, రెండు గదుల్లో రెండు ప్రోగ్రాములు ఎవరి దారిన వారు నడుస్తారని. అలా కాదు. పిల్ల కణంలో ఎఫ్ పనిచేయడం మొదలయ్యాక, అది ఒక సంకేతం గోడ దాటించి పంపిస్తుంది. అది అందేదాకా తల్లి కణంలో సిగ్మా-ఈ తయారై ఉన్నా, తోక కత్తిరించక పనికిరాకుండా పడి ఉంటుంది. సంకేతం అందితే తోక తెగుతుంది, తల్లి పని మొదలుపెడుతుంది. తల్లి చేసిన పని వల్ల పిల్లలో జి లేస్తుంది. జి పంపిన కబురు వల్ల తల్లిలో కె తోక తెగుతుంది. ప్రతి అడుగులోనూ ఒకరు రెండోవారి జవాబు కోసం ఆగుతారు. లోసిక్, పారిస్‌కి చెందిన పాట్రిక్ స్ట్రాజియే 1992లో దీనికి క్రిస్‌క్రాస్ అని పేరు పెట్టారు. రెండు గదుల్లో ఎక్కడా పెత్తనం చేసే మెయిన్ రొటీన్ లేదు. నువ్వు ఉన్నావా, ఉన్నాను, అయితే నేను ఇది చేస్తున్నాను, సరే నేను అది చేస్తున్నాను, ఇదీ వరస. నెట్‌వర్కు పనివాళ్ళు దీన్ని హ్యాండ్‌షేక్ అంటారు.

2009లో లోసిక్ ల్యాబ్‌నుంచే ఇంకో ప్రతిపాదన వచ్చింది. తల్లి కణం మింగిన పిల్ల కణం బయటి లోకానికి పూర్తిగా దూరమైపోతుంది, దానికి తిండి అందే దారి లేదు. తల్లినుంచి పిల్లకి ప్రొటీన్లతో కట్టిన సన్నటి గొట్టం లాంటిది ఉందనీ, దాని ద్వారా తల్లి చిన్న చిన్న పోషకాలు అందిస్తేనే పిల్లలో జి లేవగలుగుతుందనీ. దానికి వాళ్ళు పెట్టిన పేరు ఫీడింగ్ ట్యూబ్. మనవాళ్ళయితే బొడ్డుతాడు అని ఉండేవారు.

ఈ వేటలో డీబగ్గింగ్ చేసేవాళ్ళు లేచి నిలబడాల్సిన సందర్భాలు రెండున్నాయి. ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లో జెఫ్ ఎరింగ్టన్ బృందంది. ఒక స్పో-మూడు మ్యూటెంటులో చిత్రమైన విషయం కనిపించింది: పిల్ల కణంలో పనిచేయాల్సిన ఒకే జీన్, డీఎన్‌ఏలో ఒకచోట పెడితే పనిచేస్తోంది, ఇంకోచోట పెడితే చేయడం లేదు. జీన్ అదే, దాని మీటా అదే, చోటు మాత్రమే వేరు. కారణం తెలిసేసరికి 1994 అయింది. అడ్డుగోడ పడేటప్పటికి పిల్ల కణం వైపు చేరేది డీఎన్‌ఏలో మూడో వంతు లోపే. మిగతాదంతా గోడలో ఉన్న ఒక ప్రొటీన్ పంపు లోపలికి లాగాలి. ఆ మ్యూటెంటులో చెడిపోయింది ఆ పంపే. జీన్ పనిచేయకపోవడం కాదు, అది ఇంకా ఆ గదిలోకి చేరనే లేదు! ఫైలు పూర్తిగా కాపీ కాకముందే ప్రోగ్రాముని నడిపిస్తే వచ్చే తప్పు లాంటిదన్నమాట.

రెండోది 1989లో స్ట్రాజియే, హార్వర్డ్ వాళ్ళు కలిసి తేల్చింది. మూడో దశలో ఆగిపోయే ఒక మ్యూటెంటు, నాలుగో దశలో ఆగిపోయేదని రాసుకున్న ఇంకో మ్యూటెంటు. రెండింటికీ వేరు వేరు పేర్లు, డీఎన్‌ఏ పటం మీద వేరు వేరు చోట్లు. ఏళ్ళ తరబడి వేరు వేరు జీన్లనే అనుకున్నారు. అవి ఒకే జీన్‌కి రెండు సగాలు! సిగ్మా-కె జీన్ మధ్యలో 48 వేల అక్షరాల ముక్క ఒకటి దూరి ఉంది. తల్లి కణం సరైన సమయానికి ఆ ముక్కని కత్తిరించి పారేసి, రెండు సగాల్నీ అతికించి, అప్పుడు కె తయారుచేసుకుంటుంది. తన డీఎన్‌ఏని తానే కోసుకుంటుంది. పిల్ల కణం అలా చేయదు, దాని డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ముందు తరాలకి పోవాలి. తల్లి కోసుకోగలదు, ఎందుకంటే ఆమె డీఎన్‌ఏ ఎవరికీ అందదు. కొద్ది గంటల్లో ఆ కణమే ఉండదు. ఈ వాక్యం ఒక పరిశోధనా వ్యాసంలో ఎంత పొడిగా రాసినా, చదివేటప్పుడు కాస్త ఆగాల్సి వస్తుంది.

తల్లి కణం చేసే పనులతో మన రైతులకి ఒక లంకె ఉంది. బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే దాయాది బాక్టీరియా స్పోర్ కట్టేటప్పుడు తల్లి కణంలో, ఈ ఈ, కె సిగ్మాల ఆజ్ఞ మీదే, పురుగుల్ని చంపే ప్రొటీను గడ్డకట్టి స్ఫటికంలా పేరుకుంటుంది. ఆ జీన్నే మొక్కకి అర్థమయ్యే మీట తగిలించి పత్తిలోకి ఎక్కించారు. అదే 2002లో మన దేశంలో అనుమతి పొంది, గుంటూరు, వరంగల్ చేలలోకి వచ్చిన బీటీ పత్తి.

మరి మొదట నిర్ణయం తీసుకునేది ఎవరు? స్పో-సున్నా జీన్లు. 1991లో కాలిఫోర్నియా లా హోయాలో జేమ్స్ హోక్ బృందం ఆ చిక్కు విప్పింది. తాసీల్దారు కచేరీలో ఫైలు కదిలినట్టు ఉంటుంది అది. ఆకలి వార్త తెలిసిన ప్రొటీను ఒక ఫాస్ఫేటు ముక్కని స్పో-సున్నా-ఎఫ్‌కి అందిస్తుంది. ఎఫ్ దాన్ని స్పో-సున్నా-బికి, బి స్పో-సున్నా-ఏకి. ఫాస్ఫేటు తగిలిన స్పో-సున్నా-ఏ తగినంత పోగయితేనే పని మొదలు. నేరుగా మొదటి బల్ల నుంచి చివరి బల్లకి ఇవ్వకుండా ఇన్ని చేతులు ఎందుకు? దారిలో అభ్యంతరం చెప్పేవాళ్ళకి చోటు ఇవ్వడానికి. మార్తా పెరేగో చూపించినట్టు, ఎఫ్ దగ్గర కూర్చుని ఫాస్ఫేటుని తీసిపారేసే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి, ఏ దగ్గర ఇంకొకటి ఉంది. ఒక్కొక్కటి ఒక్కో కబురు వింటుంది. తొందరపడకూడదు, ఎందుకంటే గోడ కట్టాక కొంతసేపటికి వెనక్కి తిరిగే దారి మూసుకుపోతుంది. ఒకే సీసాలో, ఒకే తిండి మీద, ఒకే డీఎన్‌ఏతో ఉన్న కణాల్లో కూడా కొన్ని స్పోర్ కడతాయి, కొన్ని కట్టవు. ముందుగా ఆ దారి పట్టినవి విషం వదిలి ఇంకా పట్టని తోడబుట్టిన వాటిని చంపి, వాటినుంచి వచ్చిన తిండితో స్పోర్ కట్టడాన్ని ఇంకాస్త వాయిదా వేసుకుంటాయని 2003లో బయటపడింది. ఆకలి ముందు చుట్టరికం ఎంత అన్నది అన్ని లోకాల్లో ఒకేలా ఉన్నట్టుంది.

పుస్తకాల్లో ఉండిపోయే విద్య కదా ఇదంతా అనుకోవచ్చు. 2001 ఆగస్టులో నేను న్యూజెర్సీలో ఎం.ఎస్. మొదలుపెట్టాను. సెప్టెంబర్ 11 అయిన వారానికే అదే రాష్ట్రంలో, ప్రిన్స్‌టన్‌లో ఒక పోస్టు డబ్బాలో ఎవరో ఉత్తరాలు వేశారు. లోపల ఆంత్రాక్స్ స్పోర్ల పొడి. 22 మందికి సోకింది, ఐదుగురు చనిపోయారు. ఉత్తరాలు వెళ్ళిన హామిల్టన్ పోస్టల్ కేంద్రాన్ని మూసి, శుద్ధి చేసి, మళ్ళీ తెరిచేసరికి 2005 వచ్చింది. ఆ శీతాకాలం మా అపార్ట్‌మెంటులో ఆరుగురం ఇండియా నుంచి వచ్చిన కవర్లని కూడా బాల్కనీలో నిలబడి చింపేవాళ్ళం. గోడల మీద పోస్టర్లలో స్పోర్ అన్న మాట చదివి, అర్థం డిక్షనరీలో చూసుకున్నాం.

ఆ పొడిని ల్యాబులో పళ్ళెం మీద పెంచినప్పుడు, మామూలు గుంపుల మధ్య అక్కడక్కడ రంగు, రూపం తేడాగా ఉన్న గుంపులు కనిపించాయి. స్పోర్లు సరిగ్గా కట్టలేని మ్యూటెంట్లు అవి. షాఫర్ పారిస్‌లో ఏరిన తెల్ల గుంపుల్లాంటివే. వాటి డీఎన్‌ఏని పూర్తిగా చదివిన శాస్త్రజ్ఞులు 2011లో అచ్చువేసిన వ్యాసం ప్రకారం, నాలుగు చోట్ల మార్పులు దొరికాయి. అందులో మూడింటికి సంబంధం దేనితో అంటే, స్పో-సున్నా-ఎఫ్ మీద ఫాస్ఫేటు ఉందా లేదా అన్నదాన్ని నడిపించే ఏర్పాటుతో! లా హోయా వాళ్ళు విప్పిన ఫైలు దారిలోని రెండో బల్ల. ఆ మ్యూటెంట్ల గుర్తుల్ని పట్టుకుని, ల్యాబుల నుంచి సేకరించిన వెయ్యికి పైగా నమూనాల్లో వెతికితే, మేరీలాండ్‌లోని సైనిక పరిశోధనా కేంద్రంలో ఉన్న ఒక ఫ్లాస్కుతో పోలిక కుదిరిందని ఎఫ్‌బీఐ ప్రకటించింది. అనుమానించిన శాస్త్రజ్ఞుడు కేసు పెట్టకముందే 2008లో చనిపోయాడు, 2010లో కేసు మూసేశారు. సైన్సు ఒక్కదాన్నే ఆధారం చేసుకుని పొడి ఎక్కడిదో ఖాయంగా చెప్పడం కుదరదని 2011లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ తేల్చింది. ఆ మాటే సరైందని నా ఉద్దేశం. పోలిక కుదరడం వేరు, ఎవరి చేతి నుంచి వచ్చిందో తెలియడం వేరు. లాగ్ ఫైల్లో పేరు కనబడగానే తప్పు ఆ మనిషిదే అని తీర్మానించే మీటింగుల్లో చాలాసార్లు కూర్చున్నాను.

స్పోర్ ఎంతకాలం బతుకుతుంది అన్నది చివరి ప్రశ్న. లక్షల, కోట్ల ఏళ్ళ నాటి స్పోర్లని మొలకెత్తించామని 1995లోనూ 2000లోనూ వచ్చిన ప్రకటనల్ని చాలామంది నమ్మలేదు, మధ్యలో కొత్తవి కలిసిపోలేదని ఎలా చెప్తారన్నారు. టిండల్ గదిలో గడ్డి సమస్యే మళ్ళీ. అందుకని 2014లో ఎడిన్‌బరోలో ఇంకో పద్ధతి మొదలుపెట్టారు. బాసిల్లస్ సబ్టిలిస్ స్పోర్లని ఎండబెట్టి వందల కొద్దీ చిన్న గాజు గొట్టాల్లో మూసి, ఒక పెట్టె అక్కడ, దాని నకలు ఇంకో పెట్టె లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో దాచారు. మొదటి 24 ఏళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత 25 ఏళ్ళకోసారి కొన్ని గొట్టాలు పగలగొట్టి ఎన్ని మొలకెత్తుతాయో లెక్కపెట్టాలి. ఏం చేయాలో రాసిన సూచనల్ని కాగితం మీదా, ఒక యూఎస్‌బీ స్టిక్కులోనూ పెట్టారు. యూఎస్‌బీ గురించి నా అభిప్రాయం అడక్కండి. పాతికేళ్ళకోసారి గొట్టాలు తెరిచేవాళ్ళే ఆ సూచనల్ని అప్పటి భాషలో, అప్పటి పరికరాల మీద తిరగరాసి తర్వాతివాళ్ళకి ఇవ్వాలని కూడా అందులో రాశారు. చివరి గొట్టాలు తెరవాల్సింది 2514లో.